వంటగట్టు పలకలు: రాతిని పట్టి ఉంచేది ఏమిటో ముందు చూడాలి

వంటగట్టుపై పరిచే పలకకు రోజూ ఎదురయ్యే పరీక్షలు వేడి, పులుపు, కత్తి అంచు, చేయి జారి పడే బరువైన పాత్ర. వీటిని ఏ పలక ఎంతవరకు తట్టుకుంటుందో దాని రంగూ నిగనిగా చెప్పవు. అందులోని రేణువులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేది ఏమిటన్నదే చెబుతుంది. ఫ్యాషన్ లామినేట్ నుంచి గ్రానైట్‌కూ, అక్కడి నుంచి క్వార్ట్జ్‌కూ, ఇప్పుడు కాల్చిన రాతి పలకలకూ మారుతున్న క్రమాన్ని ఆ ఒక్క కొలతతోనే ఇక్కడ సమీక్షిస్తున్నాను.

లామినేట్‌లలో పేరుపడిన ఫార్మైకా 1912లో అమెరికాలో, విద్యుత్ పరికరాలలో అభ్రకానికి బదులు వాడే పదార్థంగా పుట్టింది. రెజిన్ అనే, గట్టిపడే జిగురులో తడిపిన కాగితపు పొరలను వేడి చేసి అదిమితే తయారయ్యే ఈ రేకు చవక, తేలిక. అయితే పొయ్యి మీది గిన్నెను నేరుగా దించితే పొంగుతుంది, అంచులో నుంచి నీరు దిగితే కింది చెక్క ఉబ్బుతుంది, ఒకసారి పాడైతే బాగుచేసే వీలు ఉండదు. 1960ల చివర డ్యూపాంట్ సంస్థ రూపొందించిన కోరియన్‌లో ఆక్రిలిక్ ప్లాస్టిక్‌తో ఖనిజపు పొడిని కలుపుతారు. దీనికీ వేడి పడదు, గీతలు కూడా త్వరగా పడతాయి; కానీ ఆ గీతలను గరుకు కాగితంతో రుద్ది పోగొట్టవచ్చు, రెండు పలకలను అతుకు కనిపించకుండా కలపవచ్చు. మరమ్మతుకు లొంగే ఈ గుణానికి దక్కవలసినంత గౌరవం దక్కలేదని నా అభిప్రాయం.

గ్రానైట్‌లో జిగురు లేదు. భూగర్భంలో శిలాద్రవం నెమ్మదిగా చల్లారేటప్పుడు పలుగు (క్వార్ట్జ్), ఫెల్డ్‌స్పార్, అభ్రకం స్ఫటికాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకొని పెరుగుతాయి కనుక వంటగదిలోని వేడి దానిని సాధారణంగా కదిలించలేదు, నిమ్మరసమూ వినెగరూ దానిపై మచ్చ వేయలేవు. స్ఫటికాల నడుమ సన్నని రంధ్రాలు ఉండడం వల్ల నూనె ఇంకుతుంది. లేత రంగు రాళ్లకు అప్పుడప్పుడు ఇంకుడును ఆపే పూత అయిన సీలర్ పూయడం అందుకే అవసరం. పాలరాయి సంగతి పూర్తిగా వేరు. అది కాల్షియం కార్బొనేట్. కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలబద్దలో పలుగుకు 7 ఉంటే, పాలరాతిలో ఆ పదార్థపు స్ఫటికమైన కాల్సైట్‌కు 3 మాత్రమే. దానిపై నిమ్మరసం పడినచోట మిగిలే తెల్లని మచ్చను చాలామంది మరక అనుకుంటారు, సీలర్ పూస్తే ఆగిపోతుందని నమ్ముతారు. నిజానికి పులుపు తగిలినచోట రాయే కరిగి మెరుగు పోతుంది, ఇంకుడును ఆపే సీలర్ ఆ కరుగుదలను ఆపలేదు. ఈ తేడాను అమ్మేవారు కొనుగోలుదారుకు ముందే విడమరచి చెప్పాలి.

పాలరాతి అందం కావాలి, దాని బలహీనత వద్దు అన్న కోరికే క్వార్ట్జ్ పలకలకు ఇంత ఆదరణ తెచ్చింది. 1970లలో ఇటలీకి చెందిన బ్రెటన్ సంస్థ అభివృద్ధి చేసిన పద్ధతిలో, బరువులో సుమారు 90 శాతం దాకా ఉండే పలుగు రేణువులకు పాలియెస్టర్ రెజిన్ కలిపి, గాలి తీసేసి, కంపింపజేస్తూ అదుముతారు. రంధ్రాలు లేనట్లే కనుక సీలర్ అక్కర లేదు, ద్రవాలు ఇంకవు, పలకకూ పలకకూ రంగు మారదు, గీతలు సులభంగా పడవు. రోజువారీ శుభ్రతలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. అయితే పలుగు ఎంత వేడినైనా ఓర్చుకున్నా, దానిని పట్టి ఉంచిన రెజిన్ సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటితే దెబ్బతింటుంది, పొయ్యి మీది నుంచి దించిన పెనం అంతకన్నా వేడిగా ఉండవచ్చు. అలా పడిన మచ్చ పోదు, ఒక్కోసారి పలకే పగులుతుంది. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన తెల్లని పలక కాలక్రమంలో పసుపుబారుతుంది. వేడి పాత్రల కింద కుదురు పెట్టే అలవాటు లేని ఇంటికి నేను దీనిని సిఫారసు చేయను.

క్వార్ట్జ్‌ను సమీక్షించేటప్పుడు దానిని కోసే మనిషిని వదిలేయడం అన్యాయం. గట్టుపై బిగించిన పలక ఇంట్లోవారికి ఏ హానీ చేయదు. కానీ కోతలో, అంచుల సానలో లేచే, పలుగులోని పదార్థమైన సిలికా సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే నయం కాని వ్యాధిని కలిగిస్తుంది. గ్రానైట్‌లోనూ సిలికా ఉంటుంది గాని, క్వార్ట్జ్ పలకలో ఉండే మోతాదు అంతకు ఎంతో ఎక్కువ. యువ కార్మికులు ఈ వ్యాధి బారిన పడుతున్న కారణంగానే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఇలాంటి పలకల తయారీని, సరఫరాను, కోతను, అమరికను నిషేధించింది. తయారీ సంస్థలు ఇప్పుడు సిలికాను తగ్గించి, గాజుపొడినీ ఇతర ఖనిజాలనూ కలిపిన రకాలు తెస్తున్నాయి. రంగూ ధరా చూసినంత శ్రద్ధగా ఈ వివరాన్నీ చూడాలని గట్టిగా కోరుతున్నాను.

రెజిన్‌ను పూర్తిగా వదిలేసినవి సింటర్డ్ పలకలు, అంటే కాల్చిన రాతి పలకలు. ఖనిజాల పొడిని తీవ్రమైన ఒత్తిడితో అదిమి, సుమారు 1200 డిగ్రీల వేడిలో కాల్చి, రేణువులను నేరుగా ఒకదానితో ఒకటి అతుక్కునేలా చేస్తారు. 2013లో స్పెయిన్‌కు చెందిన కొసెంటినో సంస్థ తెచ్చిన డెక్టన్ ఈ కోవలోనిదే. వేడికీ ఎండకూ పులుపుకూ చలించని ఈ పలకల మీద నాకు మంచి అభిప్రాయం ఉంది, కానీ అంచుల విషయంలో అది నిలవదు. బరువైన పాత్ర సింకు అంచుకు తగిలితే పెచ్చు ఊడవచ్చు. చాలా రకాలలో చారల అచ్చు పైపొరకే పరిమితం కనుక ఊడినచోట లోపలి సాదా రంగు బయటపడుతుంది. కోయడానికి ప్రత్యేకమైన బ్లేడ్లు, చేయి తిరిగిన పనివారు కావాలి. ధూళి జాగ్రత్తలు ఇక్కడా తప్పవు.

నిగనిగ తగ్గి, మెరుపు లేని నునుపుకూ, చేతికి సన్నగా గరుకు తగిలే లెదర్ ఫినిష్‌కూ గిరాకీ పెరగడం మంచి మార్పే. గీతలు తక్కువగా కనిపిస్తాయి; ముదురు రంగు పలకపై మాత్రం వేళ్ల జిడ్డు ముద్రలు తేలుతాయి. ఇసుకరాయి భూగర్భపు వేడికీ ఒత్తిడికీ మారి ఏర్పడే క్వార్ట్జైట్ కూడా ఇప్పుడు బాగా అమ్ముడవుతోంది. గట్టిదే, అందమైనదే, కానీ ఆ పేరుతో కొన్నిచోట్ల పాలరాతి జాతి రాళ్లు అంటగడుతుంటారు.

వంట ఎక్కువ, ఓపిక తక్కువ ఉన్న ఇంటికి ముదురు రంగు గ్రానైట్‌నే ఇప్పటికీ మొదట సూచిస్తాను. ఏది ఎంచుకున్నా, కొనే పలక నుంచే కోసిన చిన్న ముక్కను అడిగి తెచ్చుకొని, దానిపై నిమ్మరసాన్నీ నూనెనూ రాత్రంతా ఉంచి, ఉదయం తుడిచి వెలుతురులో ఏటవాలుగా చూడండి. మెరుగు పోయి ఉంటే అది పులుపుకు కరిగే రాయి, నూనె మచ్చ నిలిచి ఉంటే సీలర్ కావలసిన రాయి. పలకను మీ ఇంట్లో పొడిగా కోస్తారా, లేక కార్ఖానాలో ధూళి లేవకుండా నీటి కింద కోసి తెస్తారా అన్న ప్రశ్నకు జవాబు విన్న తరువాతే బయానా ఇవ్వండి.