సొంత ఫోనులో పోర్టలా, ఊళ్లో సేవా కేంద్రమా?

ప్రభుత్వ సేవలను ఎలక్ట్రానిక్ పద్ధతిలోకి మార్చే వర్ధమాన దేశాల ముందు రెండు మార్గాలున్నాయి: పౌరుడే దరఖాస్తు నింపుకొనే పోర్టల్ ఒకటి, ఆపరేటరు సాయంతో పని జరిగే కేంద్రం మరొకటి. కెన్యా 2013లో హుదుమా అనే ప్రభుత్వ సేవా కేంద్రాలను, 2014లో ఈసిటిజన్ పోర్టల్‌ను ప్రారంభించి రెండింటినీ నడుపుతోంది.

పోర్టల్‌కు పనివేళల పరిమితి లేదు, ప్రయాణ ఖర్చు లేదు. అయితే చదువు, స్మార్ట్‌ఫోన్, నిలకడైన నెట్ ఉన్నవారికే ఆ మేలు దక్కుతుంది.

కేంద్రం చదువు రానివారిని, వృద్ధులను కూడా కలుపుకొంటుంది. బంగ్లాదేశ్ 2010లో యూనియన్ పరిషత్తుల (గ్రామీణ స్థానిక సంస్థల) స్థాయిలో 4,500కు పైగా కేంద్రాలను నెలకొల్పి, స్థానిక యువతీయువకులనే నిర్వాహకులుగా పెట్టి, వారి ఆదాయాన్ని రుసుములతో ముడిపెట్టింది. ఈ పద్ధతిలో చొరవ పెరుగుతుంది, నిజమే. కానీ గిరాకీ తక్కువైన చోట కేంద్రం మూతపడవచ్చు, లేదా నిర్వాహకుడు అదనంగా వసూలు చేయవచ్చు. పైగా తన వివరాలు, పాస్‌వర్డు ఇతరుల చేతిలో పెట్టవలసి రావడం పౌరుడికి చిన్న ప్రమాదమేమీ కాదు.

అక్షరాస్యత తక్కువగా ఉన్న దేశం ముందు కేంద్రాలపైనే ఖర్చు పెట్టాలని నా దృఢమైన అభిప్రాయం. ఆపరేటరు కూడా అదే పోర్టల్‌ను వాడాలి, రుసుముల పట్టిక గోడపై ఉండాలి, దరఖాస్తు సంఖ్య నేరుగా పౌరుడి ఫోనుకు ఎస్ఎంఎస్‌గా చేరాలి. దరఖాస్తు అందిన తరువాత ఫైలు కాగితాల మీదే బల్ల నుంచి బల్లకు తిరుగుతుంటే మాత్రం, ఏ మార్గంలో వచ్చిన పౌరుడైనా ఒకేలా ఎదురుచూడక తప్పదు.