మూడేళ్ళు వాడిన ఇటాలియన్ వ్యాకరణం

చదువు కోసం ఇటలీలోని టురిన్ వెళ్ళేముందు కొన్న పుస్తకం ఇది. మూడేళ్ళలో అట్ట ఊడింది. భూతకాలం పాఠం పేజీలు విడిపోతే రబ్బరు బ్యాండు వేశాను. మంచి పుస్తకమే. కాకపోతే ఇంగ్లీషువాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాశారు. అందుకే మనకు ఇట్టే వచ్చేదాన్ని సాగదీస్తుంది, మనం తడబడేచోట పరుగెత్తుతుంది.

‘మి ప్యాచే’ (నాకు నచ్చుతుంది) పాఠమే చూడండి. ఇక్కడ వస్తువే కర్త, జాగ్రత్త అని పేజీలకు పేజీలు హెచ్చరికలు. ‘నాకు నచ్చుతుంది’ అనే మనకు ఇందులో వింత ఏముంది? ఒకటైతే ప్యాచే, ఎక్కువైతే ప్యాచ్చొనో: నచ్చుతుంది, నచ్చుతాయి. అంతే.

విధ్యర్థకానికి మాత్రం నాలుగే పేజీలు. ‘చూడు’కు గ్వార్ద, ‘చూడండి’కి గ్వార్ది. ‘విను’కు సెంతి, ‘వినండి’కి సెంత. ఒక క్రియలో చనువు చూపిన ‘అ’ ఇంకో క్రియలో మర్యాద అవుతుంది. ఈ తిరకాసును పట్టికలో పెట్టి ఊరుకున్నారు. డెబ్బై దాటిన మా ఇంటి యజమానురాలిని నేను ‘సెంతి’ అని పిలిచాను. ఆవిడ నవ్వి ‘సెంత’ అని దిద్దారు. పోర్తా పలాత్సో సంతలో పీచ్ పండు మీద చెయ్యి వేయబోతే ‘నోన్ తొక్కారే!’ అని కేక. నేనేమి తొక్కానని! ముట్టుకోవద్దని దాని అర్థం. ‘నువ్వు’ అనేచోట వద్దనడానికి క్రియ మూలరూపం ముందు ‘నోన్’ పెడితే చాలు. మర్యాదగా అయితే ‘నోన్ తొక్కి’.

పుస్తకానికి గుండెకాయ భూతకాలం పాఠం. తినడం, చూడడం లాంటివాటికి ‘ఓ’ (నాకు ఉంది) తోడు: ఓ మంజాతో, తిన్నాను. రావడం, పోవడం, పుట్టడం లాంటివాటికి ‘సోనో’ (ఉన్నాను) తోడు. అప్పుడు లింగం కూడా మారాలి. మన ‘వెళ్ళాను’కు ఆడా మగా తేడా లేదు కదా, ఆరు నెలలు ‘సోనో అందాతో’ అంటూ మగవాడిలా తిరిగాను. నేను అనాల్సింది ‘అందాత’. అభ్యాసాలు విసుగు పుట్టించేన్ని ఉన్నాయి, జవాబులు వెనక ఉన్నాయి, వాటితోనే నోరు తిరిగింది.

అసలు కోపం ఇల్, లో, ల దగ్గర. నామవాచకం ముందు వచ్చే ఈ ముక్కలు తెలుగులో లేనే లేవు. ‘నా పుస్తకం’ అంటే ఇల్ మియో లీబ్రో, ‘మా అమ్మ’ అంటే ఏ ముక్కా లేకుండా మియ మాద్రే. రెండు పేజీలలో ముగించేశారు. వాటికి అంచుల్లో పెన్సిలుతో నేనే పాఠం రాసుకున్నాను.

నవలల్లో కనిపించే ఇంకో భూతకాలం చివర్లో ఉంది. టురిన్ వీధుల్లో అది నా చెవిన పడలేదు, ఆ పేజీలు ఇంకా కొత్తగానే ఉన్నాయి.

కొత్త ముద్రణ వచ్చిందన్నారు. కొనలేదు, రబ్బరు బ్యాండు మార్చాను.