కూల్‌తెపె: అస్సూరు వర్తకుల వాడలో ఒక పూట

టర్కీలోని కప్పడోసియాకు వెళ్లినవారు సాధారణంగా గోరెమెలోనే బస చేస్తారు. మేము మాత్రం మూడో రాత్రికి కైసెరి కోట దగ్గర ఒక సాదా హోటలుకు మారాం. గుహ గదుల సొగసు ఇక్కడ లేదు. అయితే ప్రాచీన వర్తక నగరం శిథిలమై మిగిలిన దిబ్బ, కూల్‌తెపె, 20 కిలోమీటర్లే, పురావస్తు మ్యూజియం కోటలోనే ఉంది. కూల్‌తెపె కోసం వచ్చేవారికి నేను కైసెరినే చెబుతాను.

ముందు మ్యూజియం చూడండి, తరువాతే దిబ్బకు వెళ్లండి. రాతి పునాదులు వాటంతటవి ఏమీ చెప్పవు. వాటి కథ చెప్పేవి అక్కడ దొరికిన మట్టి పలకలు, 23,000కు పైగా. దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటి ఉత్తరాలు, బాకీ పత్రాలు అవి. అరచేతిలో ఇమిడే పలక మీద ఉత్తరం రాసి, దానికి పలుచని మట్టి కవరు తొడిగి, పైన స్తూపాకారపు ముద్ర దొర్లించేవారు. ఆ కవర్ల ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను.

ఇప్పటి ఇరాక్‌లో ఉన్న ప్రాచీన నగరం అస్సూరు నుంచి ఇక్కడికి సుమారు వెయ్యి కిలోమీటర్లు. గాడిదల బిడారులు తగరం, నేత బట్టలు మోసుకుని ఆరు వారాలు నడిచి వచ్చేవి. తిరిగి వెళ్లేది వెండి, బంగారం. సుంకం తప్పించుకోవడానికి అడ్డదారి పట్టిన వారి సంగతీ ఉత్తరాల్లో ఉంది. పూషూకేన్ అనే వర్తకుడి భార్య లమస్సి అస్సూరులో బట్టలు నేయించి పంపేది. పొరుగువారు అప్పుడే రెండు ఇళ్లు కట్టారు, మనం ఎప్పుడు కడతామని ఆమె భర్తను అడిగింది. ఆ ప్రశ్న మన ఇళ్లలో ఎవరు అడగలేదు?

కూల్‌తెపెలో ఎత్తైన పాటిదిబ్బ మీద రాజభవనాల శిథిలాలు ఉన్నాయి. వాటిని త్వరగా చూసి కిందికి దిగండి. అసలు వర్తకుల వాడ, కారుమ్, దిబ్బ పక్కన ఉన్న పల్లపు నేలలో ఉంది. తొలి తవ్వకాలు దిబ్బ మీదనే సాగాయి. 1925లో చెక్ పండితుడు హ్రోజ్నీ ఈ పొలాల్లో తవ్వాకే పలకల చోటు తేలింది. 1948 నుంచి టర్కీ పురావస్తు శాస్త్రవేత్త తహసీన్ ఓజ్‌గూచ్ దశాబ్దాల పాటు ఇక్కడే పనిచేశారు. సందులు, గదుల గోడలు, గడపలు ఇప్పటికీ గుర్తుపట్టవచ్చు. ఈ వాడలోని వారు తమ చనిపోయినవారిని ఇంటి నేల కిందనే పూడ్చుకున్నారని తెలిశాక అడుగు వేయడానికి మనసొప్పలేదు.

నీడ లేదు, నీళ్లు వెంట తీసుకెళ్లాలి. మేము మాట్లాడుకున్న టాక్సీ డ్రైవరు గంట కాగానే తొందరపెట్టాడు. మూడు గంటలు ఆగాలని ముందే ఖాయం చేసుకోండి. సాయంత్రం తిరిగి వచ్చి తిన్న పెరుగు పోసిన మంతి (మాంసం కూరిన చిన్న పిండి ముద్దలు) కైసెరిలో మాకు దొరికిన మంచి భోజనం.

వీలైతే అంకారాలోని అనటోలియా నాగరికతల మ్యూజియానికి కూడా వెళ్లండి. ఒకప్పుడు ఈ నగరాన్ని ఏలిన అనిత్త రాజు పేరు చెక్కిన కంచు ఆయుధం కూల్‌తెపెలో దొరికిందే, చూడాలంటే మాత్రం అక్కడికే వెళ్లాలి.