షిర్డీ దారిలో విజయంత చక్రాల కోసం దిగాం

అనంతపురం నుంచి షిర్డీకి కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో పోయేవాళ్లు కోపర్‌గావ్‌లో దిగుతారు. మేం అంతకంటే ముందే, ఇప్పుడు అహిల్యానగర్ అంటున్న అహ్మద్‌నగర్‌లో దిగాం. కారణం నేనే. 1/35 స్కేలులో, అంటే అసలు దానిలో 35వ వంతు సైజులో, మన సైన్యం వాడిన విజయంత ట్యాంకు మోడల్ చేస్తున్నాను. నాకు దాని కిట్టు (విడిభాగాల పెట్టె) దొరకలేదు కాబట్టి సెంచూరియన్ అనే ఇంకో ట్యాంకు కిట్టు కొని మారుస్తున్నాను. రెండింటికీ పక్కకు ఆరేసి చక్రాలు. "అవే పెట్టేయ్, ఎవరు చూస్తారు" అన్నారు స్నేహితులు. నాకు మనసొప్పలేదు. ఫొటోల్లో చూద్దామంటే పక్క రేకులు సగం కప్పేస్తున్నాయి. అసలు బండినే చూడాలనిపించింది. అది ఈ ఊళ్లోని ట్యాంకుల మ్యూజియంలో ఉంది.

ముందు లాడ్జి సంగతి చెప్పాలి. స్టేషన్‌కు దగ్గర్లోనే ఉంది. ఫోన్‌లో నలుగురికి ఫ్యామిలీ రూమ్ 1,200, వేడినీళ్లు ఉంటాయి అన్నారు. సామాన్లు రెండో అంతస్తుకు మోశాక ఎక్స్‌ట్రా పరుపుకు 300, గీజర్‌కు 100 కలిపి 1,600 కట్టించుకున్నారు. తీరా పొద్దున గీజర్ పనిచేయలేదు. కిందికొచ్చి బకెట్ తీసుకుపొమ్మన్నారు, దానికి మళ్లీ 30. బాత్రూమ్ తలుపుకు గడియ ఊడిపోయి, ఆ కన్నంలో గుడ్డపీలిక కట్టి ఉంది. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద 1,200 అని రాసిచ్చాడు! నేను గట్టిగా అడిగితే హిందీ రానట్టు మొహం పెట్టాడు. "బాబా దర్శనానికని బయల్దేరదీసి ఇక్కడ కూర్చోబెట్టారు" అని మా ఆవిడ మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. బామ్మర్ది మాత్రం "పోనీలే బావా, వచ్చిన పని చూసుకుందాం" అన్నాడు.

వచ్చిన పని అద్భుతంగా అయింది. ఆర్మర్డ్ కోర్ సెంటర్ అండ్ స్కూల్ వాళ్లు 1994లో పెట్టిన కావల్రీ ట్యాంక్ మ్యూజియం అది. సెంచూరియన్ పక్కన వంగి చూస్తే విషయం వెంటనే అర్థమైంది. దాని చక్రాలు రెండేసి జతలుగా ఉంటాయి. ఒక్కో జతకు స్ప్రింగులు బయటే, బండి పక్కగోడకు బిగించి ఉంటాయి. హార్స్ట్‌మన్ పద్ధతి అంటారు. విజయంతకు అలా కాదు. ప్రతి చక్రానికీ విడిగా చేయి ఉంటుంది, మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్ అనే కడ్డీ బండి అడుగున లోపల ఉంటుంది. అంటే కిట్టులో చక్రాలు మారిస్తే సరిపోదు, వాటి వెనకున్నదంతా కోసేసి కొత్తగా చేయాలి. నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు బొమ్మలు గీసుకున్నాను.

ఈ పిచ్చి ఎందుకని అడిగేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. టీ-55 అనే ట్యాంకు చక్రం వ్యాసం 810 మిల్లీమీటర్లు, 1/35లో 23. మోడల్‌లో అర మిల్లీమీటరు తప్పితే అసలు బండిలో పదిహేడున్నర మిల్లీమీటర్లు తప్పినట్టే.

మా వాడు ఏఎంఎక్స్-13 ట్యాంకు దగ్గర ఆగి "నాన్నా, దీనికి పళ్ల చక్రం ముందుంది" అన్నాడు. నిజమే, ట్యాంకు పట్టాను తిప్పే ఆ చక్రం ముందుంది, దాని గేర్‌బాక్స్ ముందుంటుంది కాబట్టి. సెంచూరియన్‌కూ విజయంతకూ వెనక ఉంటుంది. పదేళ్ల పిల్లాడు దాన్ని తనంతట తాను పట్టుకున్నందుకు నాకు ఎంత సంతోషమేసిందో! మోడల్ చేసేవాళ్లకు ఒక మాట: ప్రదర్శనకు పెట్టిన ట్యాంకులకు రబ్బరు అంచు మీద కూడా రంగు పడిపోతుంది. ఆకారం వాటి నుంచి తీసుకోండి, రంగు మాత్రం పాత సైనిక ఫొటోల నుంచే తీసుకోండి.

మధ్యాహ్నం బస్టాండు వైపు ఒక చిన్న హోటల్లో జొన్న భాకరీ, పిఠ్లా (శనగపిండి కూర) తిన్నాం, మనిషికి 90. భాకరీ అచ్చం మన జొన్నరొట్టె. పక్కన పచ్చిమిరపకాయ ఠేచా ఉంది, మన ఊరిబిండికి తీసిపోదు. రెండో రొట్టె అడిగి వేయించుకున్నాక మా ఆవిడ మాట్లాడింది. షిర్డీలో దర్శనం బాగా అయింది.

మీరు వెళ్తే అహ్మద్‌నగర్‌లో రాత్రి ఉండొద్దు. షిర్డీలోనే గది తీసుకుని, పొద్దున్నే బస్సులో వచ్చి ట్యాంకులు చూసి సాయంత్రానికి వెనక్కి వెళ్లిపోండి. రూమ్ ఎక్కడ తీసుకున్నా సామాన్లు పైకి ఎక్కించకముందే గీజర్ ఆన్ చేయించి చూడండి.