ఇంటికి ఆర్కిటెక్ట్: మూడు రకాల సేవల్లో దేనికి డబ్బు పెట్టొచ్చు

మన దగ్గర 150 నుంచి 300 గజాల స్థలంలో జీ ప్లస్ వన్ కట్టుకునేవాళ్లకు డిజైన్ మూడు రకాలుగా దొరుకుతోంది. కాంట్రాక్టర్ కట్టుబడితో కలిపి ఉచితంగా ఇచ్చే ప్లాన్ ఒకటి. చదరపు అడుగుకు ఇంత అని తీసుకుని, డ్రాయింగులు చేతిలో పెట్టి తప్పుకునే ప్యాకేజీ రెండోది. స్థలం కొలవడం మొదలు గృహప్రవేశం దాకా వెంట ఉండే పూర్తి సేవ మూడోది. మా తీర్పు ముందే చెప్పేస్తాం. మొదటిది వద్దు. మూడోది స్తోమత ఉంటే చాలా మంచిది. ఎక్కువ మందికి సరిపోయేది రెండోదే, కానీ సైట్ విజిట్లు విడిగా మాట్లాడుకుని దానికి కలుపుకుంటేనే.

ఉచిత ప్లాన్‌లో ఏముంటుందో చూడండి. ఒక్క షీటు మీద గదులు, గుమ్మాలు, పొడవు వెడల్పులు. కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో మొదలవ్వాలి, బాత్రూం స్లాబ్ ఎంత కిందికి దిగాలి, స్విచ్ బోర్డు తలుపు వెనక పడుతుందా అన్నవి అందులో ఉండవు. అవన్నీ పని జరిగే రోజున మేస్త్రీ తేలుస్తాడు. పైగా కాగితం మీద లేని ప్రతి పనికీ ‘ఎక్స్‌ట్రా’ లెక్క వస్తుంది. అది ఒప్పందంలో ఉందని చూపించడానికి మీ దగ్గర డ్రాయింగు ఉండదు.

ఇక మనిషిని ఎంచుకోవడం. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలి. వాళ్ల నంబరు సీఏ అక్షరాలతో మొదలై, మధ్యలో నమోదైన సంవత్సరంతో ఉంటుంది. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. బోర్డు మీద ‘ప్లానర్’, ‘డిజైనర్’ అని ఉంటే ఆయన సివిల్ ఇంజనీరో, డ్రాఫ్ట్స్‌మనో అయివుండొచ్చు. ఇంటి ప్లాన్ గీయడం వాళ్లకు నిషేధమేమీ కాదు, చక్కగా గీసేవాళ్లూ ఉన్నారు. 2020లో సుప్రీంకోర్టు కూడా చట్టం కాపాడేది ఆ హోదానే అని, డిజైన్ పనిని మిగతావాళ్లకు మూసేయలేదని చెప్పింది. కాబట్టి ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసుకుని మాట్లాడండి, అంతే.

పేరు చూశాక పని చూడాలి. త్రీడీ ఎలివేషన్ (ఇల్లు బయటి నుంచి ఎలా కనిపిస్తుందో చూపే బొమ్మ) చూసి ఎవరినీ ఖాయం చేసుకోవద్దు. అది ఎవరైనా చేయించగలరు, అందులో బీము కనబడదు, పైపు కనబడదు. ఆయన ఇంతకుముందు కట్టించిన ఒక ఇంటి వర్కింగ్ డ్రాయింగుల, అంటే సైట్‌లో చూసి కట్టే వివరమైన డ్రాయింగుల సెట్ అడగండి. అందులో ముందు మెట్ల షీటు తీయండి. మెట్ల షీటు చూస్తే ఆర్కిటెక్ట్ శ్రద్ధ ఎంతో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

అంతస్తు నుంచి అంతస్తుకు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు అనుకుందాం. 18 ఎత్తులు పెడితే ఒక్కో మెట్టు సుమారు 6.7 అంగుళాలు, పెద్దవాళ్లు సులువుగా ఎక్కుతారు. మధ్యలో తిరిగే మెట్లయితే ఒక్కో వరసకు 9 ఎత్తులు, కాలు పెట్టే పలకలు 8. పలక 10 అంగుళాల చొప్పున 80 అంగుళాలు, ల్యాండింగ్ 36 అంగుళాలు కలిపి 9 అడుగుల 8 అంగుళాల పొడవు కావాలి. ఎక్కడం మొదలుపెట్టే చోట నిలబడే జాగా దీనికి అదనం. హాలు పెద్దగా చూపించాలని మెట్లను 8 అడుగుల పొడవులో ఇరికించిన ప్లాన్లు బోలెడు ఉన్నాయి. అక్కడ వరసకు 6 పలకలే పడతాయి, మొత్తం 14 ఎత్తులే వస్తాయి, మెట్టు ఎనిమిదిన్నర అంగుళాలు దాటుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మకో నాన్నకో పై అంతస్తు ఇక లేనట్టే.

అదే షీటులో ఇంకోటి వెతకండి: రఫ్ లెవెల్ (కాంక్రీటు మట్టం), ఫినిష్ లెవెల్ (ఫ్లోరింగ్ అయ్యాక మట్టం) విడివిడిగా రాశారా? గదిలో టైల్స్ కింద బెడ్‌తో కలిపి సుమారు 3 అంగుళాలు లేస్తుంది. మెట్ల మీద గ్రానైట్, మాల్ కలిపి ఒకటిన్నర అంగుళమే లేస్తుంది. కాంక్రీటులో మెట్లన్నీ సమానంగా పోస్తే, ఫ్లోరింగ్ అయ్యాక కింది మొదటి మెట్టు ఒకటిన్నర అంగుళం తగ్గుతుంది, పై చివరి మెట్టు అంతే పెరుగుతుంది. కాలు తడబడేది సరిగ్గా అక్కడే. దీన్ని డ్రాయింగులోనే సర్దిన ఆర్కిటెక్ట్ మిగతావీ ఆలోచించి ఉంటాడని నమ్మొచ్చు.

మీ ప్లాన్ మొదలుపెట్టే ముందు ఆయన స్వయంగానో, తన మనిషితోనో స్థలాన్ని టేపుతో నాలుగు వైపులా, రెండు ఐమూలలా కొలిపించాలి. దస్తావేజులో 30కి 60 అని ఉన్నది నేల మీద 29 అడుగులే తేలడం మామూలే. ఆ ఒక్క అడుగు ఎంత ముఖ్యమో లెక్క వేస్తే అర్థమవుతుంది. తెలంగాణలో 2012 నాటి జీవో 168 ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో, రోడ్డు 12 మీటర్లు మించకపోతే, ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. 200 గజాల 30 బై 60 స్థలంలో అది పోగా మిగిలేది దాదాపు 23 అడుగుల 5 అంగుళాల వెడల్పు, 51 అడుగుల 10 అంగుళాల పొడవు. అందులోంచి బయటి గోడలు 9 అంగుళాలవి రెండు, మధ్య గోడ నాలుగున్నర, ఆపైన ప్లాస్టరింగ్ పోతే పక్కపక్కన రెండు గదులకు ఒక్కోటి పదిన్నర అడుగుల చిల్లరే. అందుకే ప్లాన్‌లో రాసిన గది కొలత గోడ లోపలి నుంచి లోపలికా, గోడల సెంటర్ నుంచి సెంటర్‌కా అని అడగాలి. ఫర్నిచర్ వేసిన ప్లానే తీసుకోవాలి, అదీ అసలు కొలతలతో: మంచం 6 బై 6.5, బీరువా లోతు 2 అడుగులు. గది పెద్దగా కనబడాలని 5 అడుగుల మంచం గీసేవాళ్లున్నారు, స్కేలు పెట్టి చూడండి.

మన ఎండలకు పడమటి గోడ కాలిపోతుంది. మెట్లు, బాత్రూం, వార్డ్‌రోబ్ ఆ గోడకు నెట్టి, పడక గదిని దాని వెనక పెట్టే ఆలోచన ఉన్న మనిషి దొరికితే వదులుకోవద్దు. వాస్తు చూపించుకునేవాళ్లు లైన్ ప్లాన్ (గదుల గీతలు మాత్రమే ఉన్న తొలి ప్లాన్) దశలోనే సిద్ధాంతిగారికి చూపించి ఆమోదం తీసుకోండి. స్ట్రక్చరల్ డ్రాయింగులు అయ్యాక సింహద్వారం రెండడుగులు జరపమంటే కాలమ్ అడ్డొస్తుంది, మళ్లీ ఫీజు పడుతుంది.

ఆర్కిటెక్ట్ వేరు, స్ట్రక్చరల్ ఇంజనీర్ వేరు, మున్సిపాలిటీలో ప్లాన్ అప్‌లోడ్ చేసే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ వేరు. ప్యాకేజీలో ఈ ముగ్గురిలో ఎవరెవరు ఉన్నారో రాయించుకోవాలి. మట్టి పరీక్ష సాధారణంగా కలిసి ఉండదు, విడిగా చేయించాలి. నల్లరేగడి నేలైతే అది లేకుండా ఫుటింగ్ (కాలమ్ కింది పునాది) డిజైన్ చేస్తాననేవాళ్లను దగ్గరికి రానీయకండి. 9 అంగుళాల కాలమ్ గోడలో కలిసిపోతుందని ఆర్కిటెక్ట్‌కి ఇష్టం. కానీ భూకంపాలకు తట్టుకునే డిజైన్ కోడ్ ఐఎస్ 13920, 2016 సవరణలో, కాలమ్ కనీసం 300 మిల్లీమీటర్లు ఉండాలంటోంది. ఈ పేచీ ఆర్కిటెక్ట్‌నీ స్ట్రక్చరల్ ఇంజనీర్‌నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కాగితం మీదే తేల్చాలి.

అనుమతుల సంగతి క్లుప్తంగా. తెలంగాణలో 2020 టీఎస్ బీపాస్ చట్టంతో 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి వస్తుంది. త్వరగా వస్తుంది కదా అని సెట్‌బ్యాక్‌లోకి, అంటే చుట్టూ వదలాల్సిన ఖాళీలోకి గోడ జరపొద్దు. తేడా ఉంటే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా అదే చట్టంలో ఉంది. ‘అప్రూవల్ ప్లాన్ ఒకటి, కట్టేది ఒకటి’ అని ధైర్యం చెప్పే మనిషి సంతకం వల్ల వచ్చే చిక్కు చివరికి యజమానిదే.

ఫీజు పర్సెంటేజీ మీదైనా, చదరపు అడుగు మీదైనా, గుండుగుత్తగానైనా ఉండొచ్చు. చదరపు అడుగు లెక్కయితే పార్కింగ్, బాల్కనీ, మెట్ల పైగది కలుస్తాయో లేదో ముందే అడగాలి, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. జీఎస్టీ నమోదు ఉన్నవాళ్లయితే 18 శాతం పైన పడుతుంది. ఎన్ని సార్లు ప్లాన్ మార్చి ఇస్తారో కూడా రాయించండి. వర్కింగ్ డ్రాయింగులు పూర్తిగా చేతికి వచ్చేదాకా సగానికి మించి ఇవ్వకపోవడం మంచిది, కొంత మొత్తం చివరి విజిట్ దాకా ఆపుకోవాలి.

ప్యాకేజీకి కలుపుకోవలసిన విజిట్లు ఆరు: ముగ్గు పోసిన రోజు, ఫుటింగ్ కమ్మీ కట్టాక, ప్లింత్ బీమ్ (గోడల కింద నేలమట్టం దగ్గర వేసే బీము) లెవెల్‌కి, గోడల మొదటి వరస పరిచాక, స్లాబ్ పోయడానికి ముందు రోజు, ప్లాస్టరింగ్ ముందు. ముగ్గు రోజు 30, 40 అడుగుల భుజాలు గుర్తు పెట్టి ఐమూల సరిగ్గా 50 వస్తోందా చూస్తే మూలమట్టం తెలుస్తుంది. స్లాబ్ ముందు రోజు విజిట్ మాత్రం దేనికీ వదులుకోవద్దు. కవర్ బ్లాకులు (కమ్మీ కింద కాంక్రీటు పట్టేందుకు ఎత్తుగా ఉంచే దిమ్మలు), ఫ్యాన్ బాక్సులు, ఇన్వర్టర్ లైను, బాత్రూం దిగుడు అప్పుడే చూడాలి, తెల్లారితే అన్నీ కాంక్రీటు కిందే. ప్లాస్టరింగ్ ముందు ఏసీ నీళ్లు పోయే పైపు గోడలో వాలుతో వేశారో లేదో చూడాలి. ఎక్కువ ఇళ్లలో మరిచిపోయేది ఇదే, తరవాత ఎలివేషన్ మీద తెల్ల పైపు వేలాడుతుంది.

విజిట్ అంటే పర్యవేక్షణ కాదు. రోజంతా నిలబడి క్యూరింగ్ చేయించడం సైట్ ఇంజనీర్ పని, ఆర్కిటెక్ట్ నుంచి అది ఆశించి కోప్పడడం న్యాయం కాదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఊళ్లో కట్టించేవాళ్లకు రెండోరకం సేవ చాలదు, పూర్తి సేవ తీసుకుని సైట్ ఇంజనీర్‌ను విడిగా పెట్టుకోవాలి. విజిట్ అయిన ప్రతిసారీ ఏం చూశారో, ఏం మార్చమన్నారో రాతపూర్వకంగా, ఫొటోలతో పంపాలని ఒప్పందంలోనే పెట్టండి. చివరి వాయిదా ఇచ్చే ముందు ప్లాస్టరింగ్ ముందు తీసిన గోడల ఫొటోలు, కరెంటు, నీళ్ల లైన్లు అసలు ఎలా వేశారో చూపే డ్రాయింగులు, వాటి క్యాడ్ ఫైళ్లు తీసుకోండి. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే పై అంతస్తు వేసేటప్పుడు మళ్లీ మొదటి నుంచి గీయించుకోవాలి.