కీబోర్డ్ చురుకే, నోరే ఆగదు: 6 నెలలు వాడాక

రేటింగ్: 5కి 3

టైపింగ్ విషయంలో ఈ యాప్‌కి వంక పెట్టలేను. రెండక్షరాలు కొట్టేసరికి నేను రాయబోయే మాట పైవరసలో కనిపిస్తుంది. చిక్కు కూడా అక్కడే వచ్చింది.

అమ్మ డిప్రెషన్ మందుల గురించి అక్కతో రోజూ చాటింగ్ చేస్తుంటాను. ఒకరోజు ఆఫీసు మీటింగ్‌లో ఫోన్ స్క్రీన్ షేర్ చేసి "అమ్మ" అని కొట్టగానే, పక్కనే ఆ మందు పేరు ప్రత్యక్షమైంది. పదకొండు మంది చూశారు. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

సపోర్ట్‌కి రాస్తే, "మీరు టైప్ చేసింది ఫోన్ దాటదు, మోడల్ (అంటే తర్వాతి మాటను ఊహించే ప్రోగ్రామ్) ఫోన్‌లోనే నేర్చుకుంటుంది" అన్నారు. ఫెడరేటెడ్ లెర్నింగ్ అనే పద్ధతి ఉన్నమాట నిజమే. రాతలు ఫోన్‌లోనే ఉంటాయి, మోడల్‌లో వచ్చిన మార్పులు మాత్రం సర్వర్‌కి వెళ్తాయి. గూగుల్ తన జీబోర్డ్‌లో దీన్ని పరీక్షిస్తున్నట్టు 2017లోనే చెప్పింది. సరే, సర్వర్ చూడలేదు. మా మేనేజర్ చూశాడుగా!

ఆ కోపంతో సెట్టింగ్స్ అన్నీ తిరగేశాను. నాలుగు స్క్రీన్ల లోపల "యాప్ మెరుగుదలకు సహకారం" అని ఒకటుంది. నేను ముట్టుకోకుండానే ఆన్‌లో ఉంది. కొన్ని వాక్యాలు "పేరు తొలగించి" పంపుతారట. మరి ఫోన్ దాటదన్న మాట ఏమైనట్టు? పైగా అకౌంట్ తెరిచేటప్పుడే పుట్టిన తేదీ, జెండర్, పిన్‌కోడ్ అడిగారు. కీబోర్డ్‌కి నా పుట్టినరోజుతో పనేంటి? డేటా ప్రైవసీ పరిశోధకురాలు లటాన్యా స్వీనీ 2000లో లెక్కగట్టి చూపించింది ఈ మూడింటి గురించే: అమెరికా జనాభాలో 87 శాతం మందిని పేరు లేకపోయినా వీటితోనే విడిగా గుర్తుపట్టే వీలుందని.

డిఫరెన్షియల్ ప్రైవసీ వాడుతున్నామని కూడా రాసుకున్నారు. అంటే, ఏ ఒక్కరి డేటా ఉన్నా లేకపోయినా ఫలితం పెద్దగా మారకుండా కావాలని కొంత నాయిస్ (లెక్కల్లో యాదృచ్ఛికమైన తేడా) కలపడం. మంచిదే. కానీ ఎంత కలిపారో చెప్పేది ఎప్సిలాన్ అనే అంకె. అది ఎంత చిన్నదైతే రక్షణ అంత గట్టిది. ఆ అంకె కోసం పాలసీ మొత్తం చదివాను, ఎక్కడా లేదు. రెండోసారి రాస్తే జవాబే లేదు.

యాప్ మాత్రం తీసెయ్యలేదు, చేతికి అలవాటైపోయింది. సహకారం ఆపేసి, నేర్చుకున్న పదాలన్నీ చెరిపేశాను. ఇప్పుడు "అమ్మ" అని కొడితే "అమ్మకానికి కలదు" అని చూపిస్తోంది.