నెల్లూరులో ఒక పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ కేంద్రం: బరువు గురించి చెప్పిన తీరు బాగుంది, మెట్లు బాగాలేవు

దగ్గినా తుమ్మినా మూత్రం జారే ఇబ్బందికి మందు, ఆపరేషన్ కాక మరో చికిత్స కూడా ఉందని మన వైపు ఆడవాళ్లకు చెప్పేవారు తక్కువ. నెల్లూరులో ఇందుకోసమే నడుస్తున్న ఒక ఫిజియోథెరపీ కేంద్రానికి కొన్ని నెలలుగా వెళ్తున్నాను. కొన్ని ఫిర్యాదులు కూడా రాయవలసి ఉన్నందున దాని పేరు చెప్పడం లేదు.

మొదటి రోజు ఎత్తు, బరువు, నడుము చుట్టుకొలత తీసుకున్నారు. బరువు చూసి ఎవరూ పెదవి విరవలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. మూత్రాశయాన్ని, గర్భసంచిని, మలాశయాన్ని కింది నుంచి మోసే పెల్విక్ ఫ్లోర్ కండరాలు చీరతో కట్టిన ఉయ్యాలలాంటివని, పొట్టలో కొవ్వు పెరిగేకొద్దీ ఆ ఉయ్యాల మీద ఒత్తిడి పెరుగుతూ పోతుందని, కాన్పులతో ముందే సాగిన కండరాలు దగ్గు వచ్చిన క్షణంలో ఆ అదనపు ఒత్తిడికి తట్టుకోలేక మూత్రనాళాన్ని గట్టిగా మూసి ఉంచలేవని ఫిజియోథెరపిస్టు బొమ్మ చూపించి వివరించారు. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును లెక్కించే కొలత) 5 పాయింట్లు పెరిగితే మూత్రం జారే ప్రమాదం 20 నుంచి 70 శాతం దాకా పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు కాబట్టి, చూపుకు లావుగా కనిపించని వారు కూడా ఈ లెక్కలోకి వస్తారు.

ఎంత తగ్గితే ఫలితం ఉంటుందన్న ప్రశ్నకు వాళ్లు 2009లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనాన్ని చూపించారు. అధిక బరువుతోపాటు ఈ సమస్య కూడా ఉన్న 338 మంది స్త్రీలలో, ఆహారం, వ్యాయామం, అలవాట్ల మార్పు మీద శిక్షణ పొందినవారు ఆరు నెలల్లో సగటున 8 శాతం బరువు తగ్గారు, వారిలో మూత్రం జారే సందర్భాలు 47 శాతం తగ్గాయి. ఎనభై కిలోల మనిషికి 8 శాతమంటే ఆరున్నర కిలోల లోపే. అయితే ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్న రెండో బృందంలో బరువు 1.6 శాతమే తగ్గినా సమస్య 28 శాతం తగ్గింది కాబట్టి, ఘనతంతా బరువుకే కట్టబెట్టడం సరికాదని నా అభిప్రాయం. ఈ రెండో అంకె కేంద్రం గోడ మీది పోస్టరులో లేదు. అడిగిన తరువాత మాత్రం దాచకుండా చెప్పారు.

గర్భసంచి జారిన వారి విషయంలో వాళ్లు చూపిన నిజాయితీ నాకు మరింత నచ్చింది. బరువు తగ్గితే కింది భాగం మీద భారం తగ్గవచ్చు గాని, ఒకసారి జారిన అవయవం దానంతట అదే పైకి పోతుందని ఆశ పెట్టుకోవద్దని స్పష్టంగా చెప్పి, అటువంటి వారిని ముందుగా గైనకాలజిస్టు దగ్గరికి పంపుతున్నారు. అక్కడ జారిన అవయవాన్ని నిలిపి ఉంచే రింగు పెట్టించుకోవడమో, ఆపరేషనో నిర్ణయమవుతుంది. పైగా నాట్లకు వంగి, బస్తాలు ఎత్తి పనిచేసిన సన్నని మనుషులు కూడా ఈ సమస్యతోనే అక్కడ కూర్చుని ఉంటారు. కాన్పులు, ఏళ్ల తరబడి మలబద్ధకం, తగ్గని దగ్గు, నెలసరి ఆగిపోయే వయసు కూడా కారణాలేనని మరచి, బరువొక్కదాన్నే దోషిగా నిలబెట్టకూడదు.

వ్యాయామం నేర్పే పద్ధతికి పూర్తి మార్కులు వేస్తాను. ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు 1948లో ప్రచారంలోకి తెచ్చిన, ఈ కింది కండరాలను బిగించి వదిలే బిగింపులను ఒక్కో విడతకు కనీసం ఎనిమిది చొప్పున, రోజుకు మూడు విడతలుగా, మూడు నెలలకు తక్కువ కాకుండా చేయించారు. లోపలి పరీక్షకు ముందుగా అనుమతి అడిగారు, చేసినవారు కూడా మహిళే. చాలామంది బిగిస్తున్నామనుకుంటూ నిజానికి కిందికి ముక్కుతారు, లేదా ఊపిరి బిగబడతారు. "అమ్మా, మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపడం సాధన కాదు, అలా చేయొద్దు" అని ఆమె నాతో ప్రత్యేకంగా చెప్పారు.

ఆహారం కాగితం మాత్రం నిరాశపరిచింది. ఓట్సు, బ్రౌన్ బ్రెడ్డు, ఆలివ్ నూనె అని ఎక్కడిదో అచ్చు వేసి ఇచ్చారు. రెండు పూటలా అన్నం, మధ్యలో కారం దోసె తినే నెల్లూరు ఇంట్లో అది వారం రోజులైనా నిలవదు. గట్టిగా అడిగితే అన్నం సగానికి తగ్గించి, పప్పు, కూరగాయలు పెంచి, నూనె తగ్గించిన చేపల పులుసు ఉంచి చేత్తో తిరగరాసి ఇచ్చారు. పీచు పెరిగితే ముక్కవలసిన అవసరం తగ్గుతుంది కాబట్టి, ఆ మార్పుతో కండరాలకు రెండు విధాల మేలు. మూత్రం జారుతుందని నీళ్లు మానేయవద్దని, టీ, కాఫీలు తగ్గించుకొమ్మని కూడా రాశారు.

ఇక లోపాలు. కేంద్రం పై అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. బరువుతో, మోకాళ్ల నొప్పులతో వచ్చేవారికి ఇది అన్యాయం. రిసెప్షన్‌లో మగవాళ్ల ముందే "ఏం సమస్యమ్మా?" అని బిగ్గరగా అడుగుతారు. ఈ జబ్బుకు అంతకన్నా తగని పద్ధతి ఉండదు. కరెంటు యంత్రంతో కండరాలను కదిలించే ప్యాకేజీని అందరికీ అంటగట్టాలని చూస్తారు. సొంతంగా బిగించగలిగిన వారికి అది మామూలుగా అవసరం ఉండదు కాబట్టి నేను వద్దన్నాను, ఆ తరువాత బలవంతపెట్టలేదు.

మూత్రంలో మంట, రక్తం ఉన్నవారు ముందు వైద్యుడికి చూపించుకోవాలి. కావలి, కందుకూరు వైపు నుంచి వచ్చేవారు ఫోనులో సమయం ఖాయం చేసుకొని, మూడు రోజులపాటు ఏం తాగారో, ఎప్పుడెప్పుడు మూత్రానికి వెళ్లారో, ఎప్పుడు జారిందో రాసుకొని తీసుకువెళ్తే, ఆ కాగితం కోసమే మరోసారి బస్సెక్కవలసిన పని తప్పుతుంది.